బరువు కాదు బాబూ, వాటం!

క్యారీలో ఇల్లు కొన్న మనవాళ్ళకి మొదటి రెండేళ్ళూ గడ్డి పిచ్చి, మూడో ఏడు డెక్ పిచ్చి. ఆ తర్వాత హాట్ టబ్ పిచ్చి. తప్పని నేననను. నేనూ కొనబోతున్నవాణ్ణే. రోజుకి పది గంటలు కుర్చీలో కూచుని నడుం పట్టేసిన జాతికి పెరట్లో వేణ్ణీళ్ళ తొట్టి ఒకటి ఉంటే బాగుండుననిపించడం సహజం. నా గొడవంతా టబ్బుతో కాదు, దాని కింద వేసే కాంక్రీటు స్లాబ్ గురించి మనం మాట్లాడుకునే తీరుతో.

ఏ పాట్‌లక్‌లోనైనా సరే, "హాట్ టబ్‌కి స్లాబ్ వేయిస్తున్నాను" అనండి. వెంటనే వచ్చే ప్రశ్న "ఎన్ని అంగుళాలు?" అని. నాలుగు అన్నారా, అయిపోయారే. "నాలుగేం సరిపోతుందండీ, ఆరు వెయ్యండి" అంటాడొకాయన. "మా కొలీగ్ ఎనిమిది వేశాడు" అంటాడు ఇంకొకాయన. బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకుని వేలంపాట పాడుతున్నట్టు ఉంటుంది. నా దగ్గరికి కొటేషన్ ఇవ్వడానికొచ్చిన ముగ్గురు కాంట్రాక్టర్లదీ అదే పాట. ఎన్ని అంగుళాలు, ఎన్ని చదరపుటడుగులు, స్టాంప్డ్ కాంక్రీటా మామూలుదా... అంతే. వాన పడితే ఈ నీళ్ళు ఎటు పోవాలని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

నేననేది ఒకటే. టబ్బు బరువు గురించి మనం పడే భయం అనవసరం. భయపడాల్సింది నీళ్ళకి. ఆ లెక్క వెయ్యకుండా పెరట్లో కాంక్రీటు పోసేవాడు తన ఇంటికీ, పల్లంలో ఉన్న పక్కింటికీ కూడా చెరుపు చేస్తున్నాడు.

ముందు బరువు సంగతి తేల్చేద్దాం. మన ఇంజినీరు బుర్రలకి అంకెలు చూస్తే గానీ నిద్ర పట్టదు కదా. ఆరుగురు పట్టే మామూలు టబ్బులో సుమారు 400 గ్యాలన్ల నీళ్ళు పడతాయి. గ్యాలన్ నీళ్ళు 8.34 పౌండ్లు, అంటే 3,336 పౌండ్లు. ఖాళీ టబ్బు 900 అనుకోండి. ఒక్కొక్కరు 170 పౌండ్ల చొప్పున ఆరుగురు దిగితే ఇంకో 1,020. మొత్తం 5,256 పౌండ్లు, దాదాపు రెండు టన్నుల నాలుగొందల కిలోలు. వినడానికి గుండె గుభేలుమంటుంది. కానీ ఆ టబ్బు ఏడున్నర అడుగుల చదరం. బరువంతా 56 చదరపుటడుగుల మీద పరుచుకుంటుంది. చదరపుటడుగుకి 93 పౌండ్లు. నాలుగంగుళాల కాంక్రీటు తన బరువు తాను ఇంకో 50 పౌండ్లు కలుపుతుంది. వెరసి 143.

మరి నేల ఎంత మొయ్యగలదు? పరీక్షలేవీ చెయ్యకుండానే, ఉత్త బంకమట్టికి రెసిడెన్షియల్ కోడ్ పట్టికలో రాసుకున్న అంకె చదరపుటడుగుకి 1,500 పౌండ్లు. మన టబ్బూ స్లాబూ కలిసి అందులో పదో వంతు కూడా లేవు. ఇంకా నమ్మకం కుదరకపోతే మీరే పెరట్లోకెళ్ళి నిలబడండి. మీ రెండు బూట్లూ కలిపి అర చదరపుటడుగు కూడా ఉండవు. 170 పౌండ్ల మనిషి నేలని చదరపుటడుగుకి 300 పౌండ్లకి పైమాటే నొక్కుతున్నాడు. హాట్ టబ్ కంటే మీరే బరువన్నమాట!

అసలు తమాషా ఇంకోటుంది. మనవాళ్ళు టబ్బుకి మాత్రమే వేసి ఊరుకోరు. గ్రిల్లుకీ, కుర్చీలకీ, పుట్టినరోజు పార్టీకీ కలిపి 20 అడుగులకి 20 అడుగులు పోయిస్తారు. నాలుగంగుళాల మందాన ఆ స్లాబ్ బరువెంత? 20,000 పౌండ్లు. "ఎందుకైనా మంచిది" అని ఇంకో రెండంగుళాలు మందం పెంచితే అదనంగా 10,000. అంటే ఒక టబ్బు బరువుకి భయపడి ఇంకో రెండు టబ్బుల బరువు మనమే నేల నెత్తిన పెడుతున్నాం, డబ్బిచ్చి మరీ.

అలాగని స్లాబులు పగలవా? పగులుతాయి, వాలతాయి, ఒక మూల కుంగుతాయి. ఎందుకంటే కింద నేల అంతా ఒకేలా ఉండదు, ఒకేలా తడవదు. ఇల్లు కట్టేటప్పుడు పునాది చుట్టూ తవ్వి మళ్ళీ పూడ్చిన మట్టి సరిగ్గా దిమ్మిస కొట్టకపోతే ఏళ్ళ తరబడి దిగబడుతూనే ఉంటుంది. స్లాబ్ సగం ఆ పూడిక మీదా సగం గట్టినేల మీదా వేస్తే ఆరంగుళాలేం చేస్తాయి, పది అంగుళాలేం చేస్తాయి?

దానికి తోడు క్యారీ నేలది ఒక చిత్రమైన కథ. ఊరి తూర్పు భాగం పాత రాయి చివికి ఏర్పడ్డ ఎర్రమట్టి. చూడ్డానికి జిగటే గానీ తడిసినా ఎండినా పెద్దగా కదలదు. పడమటి వైపు, మోరిస్‌విల్, డర్హం దిక్కుగా వెళితే నేల వేరు. అది ట్రయాసిక్ యుగంలో, అంటే 20 కోట్ల ఏళ్ళకి పూర్వం, కుంగిపోయి ఒండ్రుతో నిండిన బేసిన్. తూర్పు రాతినేలకీ దానికీ మధ్య హద్దు జోన్స్‌బరో ఫాల్ట్. ఆ బేసిన్‌లో వైట్ స్టోర్ లాంటి మట్టి రకాలు తడిస్తే ఉబ్బుతాయి, ఎండితే నెర్రెలిస్తాయి. పల్నాడులోనో కర్నూలులోనో పుట్టినవాడికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నల్లరేగడికి దూరపు చుట్టం. రంగు మాత్రమే తేడా.

నల్లరేగడి మీద కట్టిన ఇల్లు ఎందుకు బీటలిస్తుందో మన దేశంలో ఇంజినీర్లు ఎప్పుడో తేల్చారు. రూర్కీలోని సీబీఆర్ఐ వాళ్ళు ఆ నేలల కోసం అండర్ రీమ్డ్ పైల్స్ అభివృద్ధి చేశారు. బొంబాయి ఐఐటీలో ప్రొఫెసర్ కట్టి ఉబ్బని మట్టిని పొరగా పరిచి కింది రేగడిని అదుపులో పెట్టే పద్ధతి చెప్పారు. వీళ్ళిద్దరి పోరాటమూ ఇంటి బరువుతో కాదు, నేలలోకి వచ్చీపోయే తేమతో. ఉబ్బే మట్టి పైకి నెట్టే ఒత్తిడి చదరపుటడుగుకి వేల పౌండ్లు ఉండొచ్చు. మన టబ్బు 93 పౌండ్లతో దాన్ని అణిచిపెడుతుందా? స్లాబ్ ఒక అంచు ఎప్పుడూ తడుస్తూ, రెండో అంచు ఎండుతూ ఉంటే చాలు. మిగతా పని మట్టే చూసుకుంటుంది.

నరసరావుపేటలో ఉన్న మా నాన్నకి ఫోన్లో ఈ స్లాబ్ సంగతి చెప్పాను. హాట్ టబ్ అంటే ఏమిటో ఆయనకి సగమే అర్థమైంది. "వేణ్ణీళ్ళ తొట్టా? స్నానాలగదిలో పెట్టుకోక పెరట్లో ఎందుకురా?" అన్నారు. ఆ తర్వాత ఆయన అడిగిన మొట్టమొదటి ప్రశ్న, "వాటం ఎటురా?" అని. అంతే! ముగ్గురు కాంట్రాక్టర్లూ, పదిమంది మాస్టర్స్ డిగ్రీలూ అడగని ప్రశ్న. మన ఊళ్ళో వసారా గచ్చు చేసే మేస్త్రీ కూడా ముందు వాటం చూసుకునే తాపీ పట్టుకుంటాడు. చూరు నీళ్ళు పక్కవాడి దొడ్లో పడితే పంచాయితీ అవుతుందని ప్రతి ఇంట్లోనూ తెలుసు. సముద్రాలు దాటి వచ్చి, కెపాసిటీ ప్లానింగ్ అని రోజూ మీటింగుల్లో కూచునే మనం ఆ ఒక్క మాటా మరిచిపోయాం.

సరే, వాటం లెక్క వేద్దాం. 400 చదరపుటడుగుల స్లాబ్ మీద ఒక్క అంగుళం వాన పడితే 249 గ్యాలన్లు. ఈ ప్రాంతంలో సగటున ఏడాదికి 46 అంగుళాల వాన. అంటే 11,400 గ్యాలన్ల పైన. టబ్బులో నిలకడగా కూచునే 400 గ్యాలన్ల గురించి నిద్రపోకుండా ఆలోచిస్తాం. దానికి 28 రెట్లు నీళ్ళు ఏటా స్లాబ్ మీంచి జారి ఎవరింటికో వెళుతుంటే అది మన సమస్య కాదు! ఇదివరకు అందులో చాలా భాగం గడ్డిలో ఇంకేది. ఇప్పుడు చుక్క కూడా ఇంకదు, పైగా పరుగెడుతుంది.

ఎటు పరుగెడుతుంది? వాటం ఇంటివైపు ఉంటే మన క్రాల్ స్పేస్‌లోకి. తడి, బూజు, ఆనక జేబుకి చిల్లు. అందుకే పునాది నుంచి పదడుగుల లోపు వేసే గచ్చుకి కనీసం 2 శాతం వాటం ఇంటి నుంచి బయటికి ఉండాలని కోడ్ చెబుతుంది. సరే బయటికి పెట్టారు. అక్కడ ఫెన్స్. ఫెన్స్ కింద నుంచి పక్కవాళ్ళ పెరట్లోకి. నీరు పల్లమెరుగు. దానికి హెచ్ఓఏ రూల్సు తెలియవు.

"మన పెరడు మన ఇష్టం, నీళ్ళు వాటంతటవే పోతాయి" అనే మహానుభావులకి ఒక మాట. నార్త్ కరొలైనా సుప్రీంకోర్టు 1977లో పెండర్‌గ్రాస్ట్ – ఐకెన్ కేసులో ఈ విషయం తేల్చింది. మీ భూమిని సహేతుకంగా వాడుకునే హక్కు మీకుంది. దానివల్ల వాననీటి దారి కొంత మారినా ఫరవాలేదు. కానీ ఆ మార్పు అసమంజసమై అవతలివాడికి గట్టి నష్టం చేస్తే బాధ్యత మీదే. మన ఊళ్ళో గట్టు తగాదాకి కర్ర పట్టుకుని వస్తారు, అరుస్తారు, సాయంత్రానికి సర్దుకుంటారు. ఇక్కడి పొరుగువాడు నవ్వుతూ చెయ్యూపుతాడు, తర్వాత లాయరు ఉత్తరం వస్తుంది.

పెరటి వెనక కొన్ని ఇళ్ళకి లోతు తక్కువగా, వెడల్పుగా ఒక పల్లం ఉంటుంది చూశారా? పనికిరాని గుంట అనుకుని మట్టి పోసి చదును చేసేవాళ్ళని చూశాను. అది గుంట కాదు, కాలవ. నాలుగిళ్ళ నీళ్ళు పోవడానికి లెక్కలు కట్టి తీసిన దారి. ప్లాట్ కాగితం మీద డ్రైనేజ్ ఈజ్‌మెంట్ అని గీత గీసి ఉంటుంది. ఇల్లు కొన్న రోజున సంతకాలు పెట్టిన కట్టలో ఆ కాగితం ఉంటుంది. ఒకసారి తీసి చూడండి. పనిలో పనిగా మీ స్థలంలో ఎంత మేర నీరింకని కట్టడం ఉండొచ్చో పరిమితి ఉందేమో కూడా ఊరి ఆఫీసులో అడగండి. తాగునీటి చెరువులకి నీళ్ళిచ్చే ప్రాంతాలని కాపాడ్డానికి ఈ రాష్ట్రంలో 1989లోనే చట్టం వచ్చింది. ఆ లెక్కలో కాంక్రీటు గచ్చు వస్తుంది, సందులున్న చెక్క డెక్ రాదు. ఇల్లు కట్టినవాడు ఆ పరిమితి అంచుదాకా ముందే వాడేసి ఉండొచ్చు.

ఇప్పుడు అందరూ అనే మాట: "నా ఒక్కడి స్లాబ్‌తో వరదలొస్తాయా?" రావు. మీ ఒక్కడి స్లాబ్‌తో రావు. కానీ 200 ఇళ్ళ సబ్‌డివిజన్‌లో ఒక్కొక్కరూ అదే మాట అనుకుని 400 అడుగులు పోస్తే 80,000 చదరపుటడుగులు, దాదాపు రెండెకరాల గచ్చు. అంగుళం వానకి 50,000 గ్యాలన్లు. సబ్‌డివిజన్ చివర ఫౌంటెన్ పెట్టిన చెరువు అందం కోసం తవ్వింది కాదు. కట్టినప్పటి ప్లానులో ఉన్న కప్పుల, రోడ్ల నీళ్ళకి సరిపడా తవ్వింది. తర్వాత మనం పోసుకున్న రెండెకరాలు దానికి తెలియవు.

అక్కణ్ణుంచి కిందకి ఎవరున్నారు? వాల్నట్ క్రీక్ క్యారీలో పుట్టి లేక్ జాన్సన్ మీదుగా రాలీ దక్షిణం నుంచి న్యూస్ నదికి పోతుంది. దారిలో ఆగ్నేయ రాలీలో రోచెస్టర్ హైట్స్ అనే పేట ఉంది. నల్లవాళ్ళు నచ్చినచోట ఇల్లు కొనుక్కోలేని వేర్పాటు రోజుల్లో, 1957లో, నల్లజాతి కుటుంబాల కోసం వేసిన కాలనీ. వాళ్ళకి దొరికింది పల్లపు నేల. ఎగువన ఊళ్ళు పెరిగేకొద్దీ గట్టివాన కురిసినప్పుడల్లా వాగు ఆ పేటమీదికొచ్చేది. ఆ చుట్టుపక్కల జనమే పూనుకుని చెత్తతో నిండిన చిత్తడినేలని ఏళ్ళ తరబడి శుభ్రం చేసుకున్నారు. 2009లో అక్కడ వెట్‌ల్యాండ్ సెంటర్ వెలిసింది. క్రాబ్‌ట్రీ క్రీక్ కథా ఇంతే. క్యారీ నీళ్ళు కూడా మోసుకుంటూ రాలీలో మాల్ పక్కనుంచి పోతుంది. 2006 జూన్‌లో ఆల్బెర్టో తుఫాను శేషం కురిసినప్పుడు మనం షాపింగుకెళ్ళే ఆ మాల్ దగ్గరే కార్లు నీళ్ళలో మునిగాయి. మన పెరట్లో వాటం పెట్టే దిక్కున ఎప్పుడూ ఎవరో ఒకరుంటారు. సాధారణంగా మనకంటే తక్కువ డబ్బున్నవాళ్ళు ఉంటారు.

నాకు అన్నిటికంటే ఒళ్ళు మండేది ఇంకోటుంది. ఇదే మనవాళ్ళు హైదరాబాద్ వరదల గురించి వాట్సాప్‌లో పేజీలకి పేజీలు రాస్తారు. 2020 అక్టోబర్‌లో కాలనీలు మునిగినప్పుడు "చెరువుల్లో ఇళ్ళు కడితే మునగక ఏమవుతాయి" అని తీర్పులిచ్చారు. 2024 జులైలో హైడ్రా వచ్చి చెరువుల్లో కట్టడాలు కూలగొడుతుంటే ఇక్కడ సోఫాల్లో కూచుని చప్పట్లు కొట్టారు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వేల ప్రాణాలు తీసిందనీ, విశ్వేశ్వరయ్య చెప్పినట్టు ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారనీ పాఠం కూడా చెబుతారు. ఆ జలాశయాల ఎగువన గచ్చు పెరక్కూడదనే 1996లో 111 జీవో పెట్టారు. 2022లో 69 జీవోతో దాన్ని ఎత్తేస్తుంటే తిట్టినవాళ్ళలో కొందరు, అదే ఏడు క్యారీలో పర్మిట్ సంగతి అడగకుండా శనివారం పొద్దున్నే కాంక్రీటు లారీ పిలిపించారు. అక్కడ బిల్డర్ చేస్తే కబ్జా, ఇక్కడ మనం చేస్తే బ్యాక్‌యార్డ్ మేకోవరా?

మరేం చెయ్యమంటావయ్యా అంటే, చెయ్యాల్సినవి చాలా మామూలు పనులు. స్లాబ్ టబ్బు కోసం వేస్తే టబ్బుకి సరిపడానే వెయ్యండి. 10 అడుగులకి 10 అడుగులు చాలు. అంగుళం వానకి 62 గ్యాలన్లే జారుతాయి. కుర్చీలకీ గ్రిల్లుకీ చెక్క డెక్కో, నీళ్ళు దిగే రాళ్ళ పరుపో వేసుకోవచ్చు. మందం నాలుగంగుళాలు. మిగిలిన డబ్బు కిందకి పెట్టండి. పైమట్టి తీసి, గట్టినేల దాకా వెళ్ళి, ఇక్కడ ఏబీసీ అని పిలిచే గుండతో కలిసిన కంకర నాలుగంగుళాలు పరిచి మెషీన్‌తో దిమ్మిస కొట్టించండి. ఇనుప కమ్మీలు కవర్ బ్లాకుల మీద నిలబెట్టించండి. పనివాళ్ళ కాళ్ళ కింద మట్టిలో కూరుకుపోయిన జాలీ ఎవరికీ ఉపయోగపడదు. జాయింటు గీత టబ్బు కిందకి రానివ్వకండి. తవ్వే ముందు 811కి ఫోన్ చెయ్యడం చట్టం, ఖర్చు లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం. కాంక్రీటు వాడికంటే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. టబ్బుకి సాధారణంగా 240 వోల్టుల లైనూ, జీఎఫ్‌సీఐ రక్షణా కావాలి. కరెంటు ఆపే స్విచ్ టబ్బుకి కనీసం అయిదడుగుల దూరంలో, కనపడేచోట ఉండాలి. స్లాబ్‌లోని ఇనుముని రాగితీగతో బాండింగ్ చెయ్యాలో, మీ టబ్బు రకానికి మినహాయింపు ఉందో పోసే ముందే తేలాలి. గట్టిపడ్డ తర్వాత అడిగితే ఆయన చేతిలో సుత్తి తప్ప జవాబు ఉండదు. పిల్లలున్న ఇంట్లో తాళం పడే మూత తప్పనిసరి. ఈ దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణాలకి మొదటి కారణం నీళ్ళలో మునగడమే.

చివరిగా, జారే నీళ్ళకి మీ స్థలంలోనే చోటు చూపించండి. పల్లపు అంచున రెయిన్ గార్డెన్ అని మొక్కల గుంట వెయ్యొచ్చు. ఎలా తవ్వాలో, ఏ మొక్కలు బతుకుతాయో నార్త్ కరొలైనా స్టేట్ యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ వాళ్ళు ఊరికే చెబుతారు. మూడు నాలుగు నెలలకోసారి టబ్బు ఖాళీ చేసేటప్పుడు క్లోరిన్ విరిగాక గడ్డి మీదికి మెల్లగా వదలండి, రోడ్డు పక్క డ్రెయిన్‌లోకి కాదు. ఆ డ్రెయిన్లు శుద్ధి కర్మాగారానికి పోవు, తిన్నగా వాగులోకి పోతాయి. పడమటి క్యారీ వాగుల నీళ్ళు చేరేది జోర్డన్ లేక్‌కి. క్యారీ కుళాయిల్లో వచ్చేవి ఆ చెరువు నీళ్ళే.

వచ్చే నెల మా ఇంట్లో పని మొదలు. ఈసారి వచ్చే కాంట్రాక్టర్‌ని అంగుళాల గురించి అడగనివ్వను. ఆయన చేతికి ముందు లెవెల్ పైపు ఇస్తాను. వాటం ఎటో చూపించినవాడికే పని.